సైకిల్ సంగతులు: చిన్న కారులో సైకిల్ ప్రయాణం

పండగ దగ్గరపడుతోంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే అడిగాయి: ఉన్నది చిన్న కారు, వెళ్ళాల్సిన ఊరు దూరం, సైకిల్‌ని వెంట తీసుకెళ్ళడం ఎలా? అందుకని ఈ సంచికలో పంక్చర్లూ గేర్లూ పక్కనపెట్టి వీటికే జవాబులిస్తున్నాను. రాజమండ్రిలో మా నాన్నగారి అద్దె సైకిళ్ళ షాపులో పెరిగాను. తర్వాత అదే షాపులో రిపేర్లు చేస్తూ బతికాను. నాకు పాత వ్యాగనార్ ఒకటుంది. 200, 300 కిలోమీటర్లు గడువులోగా తొక్కే బ్రెవే రైడ్లకు మెకానిక్‌గా వెళ్ళినప్పుడు నా సైకిలూ, దారిలో ఆగిపోయిన వాళ్ళ సైకిళ్ళూ అందులోనే ఎక్కుతాయి. కింద రాసినవన్నీ ఆ కారు దగ్గర నిలబడి నేర్చుకున్నవే.

ప్రశ్న: మా ఆయనకూ నాకూ చెరో హైబ్రిడ్ సైకిల్ ఉంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన ట్రాక్ మీద ఆదివారాలు తొక్కుతాం. ఈ సంక్రాంతికి కోనసీమలో మా అత్తగారింటికి స్విఫ్ట్‌లో వెళ్తున్నాం. కాలువ గట్ల మీద తొక్కాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. కారు వెనక ర్యాకు పెట్టించుకోమని అందరూ అంటున్నారు. రెండూ లోపలే పట్టే మార్గం లేదా?
(ఒక పాఠకురాలు, హైదరాబాదు)

జవాబు: ఉందమ్మా. వెళ్ళేది మీరిద్దరే కాబట్టి ర్యాకు మాట మర్చిపోండి. చిన్న కారులో సైకిల్‌కి అన్నిటికన్నా మంచి చోటు లోపలే. వాన పడదు, దుమ్ము పట్టదు, టీ తాగడానికి ఆగితే ఒక కన్ను కారు మీద వేసి కూర్చోనక్కర్లేదు. దారిలో ఎవరికీ తగలదు కూడా.

ముందు కొలతలు చూద్దాం. మామూలు హైబ్రిడ్ సైకిల్ ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 175 సెంటీమీటర్లు. రెండు చక్రాలూ తీసేస్తే మిగిలే ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కలిపి 110 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. వీటికి ఉండే 700సి సైజు చక్రం టైరుతో సహా 70 సెంటీమీటర్లు. స్విఫ్ట్‌లో వెనక సీటు వీపు ముందుకు మడిచి, ముందు సీట్లు మీ కాళ్ళకు ఇబ్బంది లేనంతవరకు జరిపితే రెండు ఫ్రేములు పడుకోవడానికి సరిపడా చోటు వస్తుంది. ముందు చక్రం ఒక్కటే తీసి ఇరికించే వాళ్ళు చాలామంది ఉన్నారు. అలా ఒకటి పడుతుంది గానీ రెండోది పట్టదు. ఆ తోపులాటలోనే ఏదో ఒకటి వంగుతుంది. రెండు చక్రాలూ తీయండి.

ఈ పని ప్రయాణం రోజు తెల్లవారుజామున వద్దు. ముందురోజు సాయంత్రం, వెలుతురు ఉండగా చేసుకోండి. మొదటిసారి గంట పడుతుంది, మూడోసారికి పావుగంటలో అయిపోతుంది.

మొదట పెడళ్ళు. వీటికి 15 నంబరు పానా కావాలి. కుడి పెడల్ అన్ని బోల్టుల్లాగే ఊడుతుంది, ఎడమదానికి మర వ్యతిరేకం. ఇది తెలియక బలమంతా పెట్టి క్రాంకు (పెడల్ బిగించే చేయి) మర కొట్టేసుకుని మా షాపుకి వచ్చినవాళ్ళు ఎందరో. గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. పెడల్‌కి పానా తగిలించి పిడిని పైకి నిలబెట్టండి. ఇప్పుడు దాన్ని వెనక చక్రం వైపు లాగండి. ఏ పక్క పెడలైనా ఊడుతుంది. బిగించేటప్పుడు ముందు చక్రం వైపు.

తర్వాత వెనక చక్రం. తీసేముందు గేరుని అన్నిటికన్నా చిన్న పళ్ళ చక్రం మీదికి తెచ్చుకోండి, చక్రం సులువుగా జారుతుంది. చక్రం బయటికి వచ్చాక గేరు లివరు నొక్కుతూ పెద్ద పళ్ళ చక్రం నంబరుకి తీసుకెళ్తే చైనుని గేరు నుంచి గేరుకి జరిపే డిరైలర్ లోపలికి ముడుచుకుంటుంది. ఎక్కువ దెబ్బ తినేది ఈ డిరైలర్ దగ్గరే. అది ఫ్రేముకి హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్కతో తగిలించి ఉంటుంది. దెబ్బ తగిలితే ఫ్రేము పాడవకుండా ముందు తనే వంగాలని దాన్ని మెత్తగా చేస్తారు. సైకిల్‌ని చైను వైపు కిందికి పెట్టి పడుకోబెడితే ఫ్రేము బరువంతా ఆ ముక్క మీదే పడుతుంది. దిగాక చూస్తే సైకిల్‌కి ఏమీ అయినట్టు కనిపించదు, తొక్కితే మాత్రం గేర్లు కుదురుగా నిలవవు. పైగా మోడల్‌కి ఒక రకం హ్యాంగర్, అమలాపురంలో వెతికితే మీ సైకిల్‌కి సరిపోయేది దొరక్కపోవచ్చు. అందుకని చైను వైపు ఎప్పుడూ పైకే ఉండాలి. హ్యాంగర్ ఒకటి అదనంగా కొని సీటు కింది సంచిలో పడేసుకోండి.

డిస్క్ బ్రేకులైతే ఇంకో జాగ్రత్త. చక్రం తీశాక పొరపాటున కూడా బ్రేకు లివరు నొక్కకండి. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులో ప్యాడ్లు రెండూ దగ్గరికొచ్చి అంటుకుపోతాయి, మళ్ళీ విడదీయడం ఒక యజ్ఞం. చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క మడిచి దూర్చండి. ఈ మధ్య నేను పాత పెళ్ళి శుభలేఖలు వాడుతున్నాను, సరిగ్గా ఆ మందమే కావాలి.

ఇక ఎక్కించడం. కింద ఒక బొంత పరవండి. మొదటి ఫ్రేముని చైను వైపు పైకి ఉంచి, ఫోర్కు ముందు సీట్ల వైపు వచ్చేలా పడుకోబెట్టండి. హ్యాండిల్ పక్కకి తిప్పేస్తే ఫ్రేముకి ఆనుకుంటుంది. దాని మీద దుప్పటి రెండు మడతలు. రెండో ఫ్రేము కూడా చైను పైకే, కానీ ఫోర్కు డిక్కీ డోరు వైపు రావాలి. అలా తలాతోకా మారిస్తే హ్యాండిళ్ళు రెండూ ఒకేచోట పోట్లాడుకోవు. ఏసీ రాగి గొట్టాలకి తొడిగే నల్లటి ఫోము గొట్టం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. దాన్ని నిలువునా కోసి ఫ్రేము గొట్టాలకి తొడిగితే ఒకదానికొకటి రాసుకుని పెయింటు పోదు. చక్రాల ఇరుసుల్లోంచి, పానా లేకుండా చేత్తోనే బిగించే క్విక్ రిలీజ్ కడ్డీలు తీసి సంచిలో వేసుకోండి, లేకపోతే అవి గుచ్చుకుంటాయి. రెండు చక్రాలు ముందు సీట్ల వెనక నిలబడతాయి, రెండు దుప్పటిలో చుట్టి పైన పడుకుంటాయి.

ఇంతటితో డోరు వేసేయకండి. కట్టాలి. గంటకు 80 వేగంతో పోతూ గట్టిగా బ్రేకు కొడితే కారు ఆగుతుంది గానీ వెనకున్న ముప్ఫై కిలోల ఇనుము ఆగదు. ఫ్రేముల్లోంచి వెనక సీట్ల బెల్టులు తీసుకెళ్ళి బకెల్‌లో పెట్టండి. వదులుగా ఉన్నచోట పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించండి. ఏ పంక్చరు షాపులో అడిగినా ఊరికే ఇస్తారు, తాడు కంటే గట్టిగా పట్టుకుంటాయి. మీ తల ముందు పైన ఉండే అద్దంలో వెనక రోడ్డు కనిపించాలి. కనిపించకపోతే పై చక్రాలు సర్దండి.

దాదాపు 400 కిలోమీటర్ల ప్రయాణం. పండగ ముందు రెండు రోజులు పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి, మీకు తెలిసే ఉంటుంది. వీలైతే ఒకరోజు ముందే బయల్దేరండి. ఇంటికి చేరాక సైకిళ్ళు బిగించి, బ్రేకు లివర్లు నాలుగైదుసార్లు నొక్కి పట్టు చూసుకుని, మొదటి కిలోమీటరు నెమ్మదిగా తొక్కండి. పక్కకి పడుకుని వచ్చిన హైడ్రాలిక్ బ్రేకు ఒక్కోసారి మెత్తగా పోతుంది. నాలుగు నొక్కులకి కుదురుకోకపోతే అలాగే తొక్కకండి.

మీరు వెళ్ళే కాలువలు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చేవే. అక్కడ మొదటి ఆనకట్టని 1852లో కాటన్ దొర పూర్తిచేశారు. నీరు పారడానికి ఎంత వాలు కావాలో అంతే వాలు గట్టుకీ ఉంటుంది కాబట్టి గేరు మార్చే పనే పడదు. జనవరిలో మాత్రం తెల్లారగట్ల మంచు దట్టంగా కమ్ముతుంది, పది అడుగుల అవతల కొబ్బరి బళ్ళు కనపడవు. ఎండ పొడ వచ్చాకే బయల్దేరండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి.

ప్రశ్న: మాది వ్యాగనార్. మేమిద్దరం, పిల్లలిద్దరు. అరకు వెళ్తూ నా గేరు సైకిలూ, మా పెద్దబ్బాయి 20 అంగుళాల సైకిలూ తీసుకెళ్ళాలి. నలుగురం కూర్చుంటే లోపల చోటుండదు. కారు పైన మంచిదా, వెనక ర్యాకు మంచిదా?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ముందు మీ బాబు సైకిల్‌ని లెక్కలోంచి తీసేద్దాం. చక్రాలూ పెడళ్ళూ ఊడదీస్తే ఆ చిన్న ఫ్రేము మీ డిక్కీలో అడ్డంగా నిలబడుతుంది. సూట్‌కేసులు మానేసి మెత్తటి బట్టల సంచులు తీసుకుంటే దాని చుట్టూ ఉన్న సందుల్లో అవీ సర్దుకుంటాయి. ఇక మిగిలింది ఒక్క సైకిల్.

పైన పెట్టడం గురించి రెండు మాటలే చెబుతాను. ఇప్పటి వ్యాగనార్ ఎత్తు 1,675 మిల్లీమీటర్లు. దాని మీద కడ్డీలు వేసి, సైకిల్‌ని నిలబెట్టి కడితే మొత్తం 2.8 మీటర్లు దాటుతుంది. వరంగల్‌లో బయల్దేరేటప్పుడు గుర్తుంటుంది. ఆరేడు గంటలు నడిపి అలసిపోయి హోటల్ సెల్లార్‌లోకి తిప్పేటప్పుడు గుర్తుండదు. రైలు గేటు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జిల ముందు ఉండే ఇనుప కమ్మీలు ఇంకో ప్రమాదం. పైగా 15 కిలోల సైకిల్‌ని తల పైకి ఎత్తి నిలబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి, గాలికి మైలేజీ పడిపోతుంది. పైన పెట్టాలనే అనుకుంటే కారు మాన్యువల్‌లో కప్పు మీద ఎంత బరువు మోయొచ్చో చూడండి. ఆ లెక్కలో కడ్డీల బరువు కూడా కలుస్తుంది.

మీకు నేను డిక్కీ డోరుకి పట్టీలతో కట్టే వెనక ర్యాకే చెబుతాను, ఒక్క సైకిల్‌కి మాత్రమే. అయితే దాంతో నాకు జరిగింది కూడా వినండి.

కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి సైకిల్‌ని హైదరాబాదు చేర్చడానికి ఇలాంటి పట్టీల ర్యాకుకే కట్టుకుని బయల్దేరాను. పట్టీలు బాగా బిగించాను, ఎక్కడా కదలడం లేదు. సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. కారు దిగగానే రబ్బరు కాలిన వాసన. క్లచ్ అనుకున్నాను. బానెట్ తెరిచి చూశాను, ఏమీ లేదు. మా అమ్మాయి వెనక నుంచి పిలిచింది. సైకిల్ వెనక చక్రం సైలెన్సర్ గొట్టానికి సరిగ్గా జానెడు దూరంలో వేలాడుతోంది. వేడి పొగ అంతదూరమూ ఆ ఒక్క చోటే తగిలింది. టైరు పక్క గోడ అరచేతి మేర మెరుపు పోయి, మెత్తబడి, లోపలి దారాలు బయటపడ్డాయి. గాలి ఇంకా నిలిచే ఉంది. మేం చూస్తుండగానే ఆ చోట నిమ్మకాయంత బుడగ లేచింది. వాల్వు నొక్కి గాలి తీసేశాను. పక్కనే పిల్లలు నిలబడి ఉన్నారు, అది వాళ్ళ ముఖాల దగ్గర పేలి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ముప్ఫై ఏళ్ళు సైకిళ్ళ మధ్య బతికినవాడిని, సైలెన్సర్ ఎక్కడుందో వంగి చూడలేదు. అప్పటి నుంచి ఎవరికి ర్యాకు కట్టినా ముందు కింద కూర్చుని గొట్టం ఎటు ఉందో చూసి, చక్రం దానికి వ్యతిరేకం వైపు వచ్చేలా పెడుతున్నాను.

మీరు చేయాల్సింది ఇది. ముందు చక్రం తీసి లోపల పెట్టేయండి. దీనికి గట్టి కారణం ఉంది. ఇప్పటి వ్యాగనార్ వెడల్పు 162 సెంటీమీటర్లు, సైకిల్ పొడవు 175. అలాగే అడ్డంగా కడితే రెండు పక్కలా ఆరున్నర సెంటీమీటర్ల చొప్పున బయటికి పొడుచుకొస్తుంది. ఆల్టో అయితే వెడల్పు 149 సెంటీమీటర్లే, పక్కకి 13 చొప్పున వస్తుంది. నడిపేవాడికి అద్దంలో అది కనపడదు. ట్రాఫిక్‌లో మన పక్కనుంచి సందు చూసుకుని దూరే స్కూటరు వాడి మోకాలికి ఆ టైరూ, ఆ హ్యాండిల్ చివరా తగులుతాయి. స్కూటరు మీద ముందు ఒక పిల్ల, వెనక ఒక తల్లి ఉంటారు. మన సరదా ప్రయాణంలో వాళ్ళు పడిపోకూడదు. ముందు చక్రం తీస్తే మొత్తం కారు వెడల్పులోకి వచ్చేస్తుంది.

పై పట్టీల కొక్కేలు డిక్కీ డోరు ఇనుప అంచుకే తగలాలి. ప్లాస్టిక్ స్పాయిలర్‌కి గానీ అద్దం అంచుకి గానీ తగిలిస్తే విరుగుతాయి. సైకిల్ పైగొట్టాన్ని ర్యాకు చేతులకి కట్టాక, వెనక చక్రాన్ని ఫ్రేముకి, ఫ్రేముని ర్యాకుకి విడివిడిగా ట్యూబు ముక్కలతో బిగించండి. క్రాంకుని ఫ్రేముకి కట్టేయండి, పెడళ్ళు తీసేయండి. లేకపోతే గాలికి తిరుగుతూ డోరు పెయింటుని గీకేస్తాయి. కొత్త పట్టీలు సాగుతాయి. బయల్దేరిన పది, పదిహేను కిలోమీటర్లకి ఆగి మళ్ళీ బిగించండి. ఆ తర్వాత ఆగిన ప్రతిసారీ, వాన తగిలిన వెంటనే. వేగం 80 దాటొద్దు. స్పీడు బ్రేకరు దగ్గర కారుని దాదాపు ఆపి దాటించండి. ర్యాకు మీద అన్నిటికన్నా పెద్ద దెబ్బ అక్కడే పడుతుంది.

ర్యాకు ఉన్నంతసేపూ డిక్కీ తెరవలేరు. మంచినీళ్ళు, పిల్లల తిండి, వాంతి కవర్లు ముందే లోపల పెట్టుకోండి. అనంతగిరి ఘాట్‌లో పిల్లలకి అవి తప్పకుండా పనికొస్తాయి. అరకు లోయ 900 మీటర్ల పైన ఉంటుంది, ఎక్కేదారి అంతా మలుపులే. సైకిల్ తొక్కడం లోయలోకి దిగాక పెట్టుకోండి. ఘాట్ రోడ్డు మీద బాబుని తొక్కనివ్వకండి.

ప్రశ్న: ర్యాకూ గీకూ ఎందుకండీ, డిక్కీ డోరు తెరిచి సైకిల్ సగం బయటికి పెట్టి తాడుతో కట్టేస్తే సరిపోదా? మా ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు.
(ఒక పాఠకుడు, నర్సరావుపేట)

జవాబు: వద్దు బాబూ. ఊళ్ళో రెండు వీధులు దాటడానికి చేసే పనిని హైవే మీదకి తీసుకెళ్ళకండి. తెరిచిన డోరు వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగని లోపలికే లాగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు. తలనొప్పి, వికారం వస్తే ప్రయాణం బడలిక అనుకుంటారు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారనుకుంటారు. డోరు పూర్తిగా మూయగలిగితేనే సైకిల్ లోపల పెట్టండి.

ప్రశ్న: వెనక సైకిల్ కడితే పోలీసులు ఫైన్ వేస్తారా? నంబరు ప్లేటు కనపడకపోతే ఇంకో ప్లేటు చేయించి సైకిల్‌కి తగిలిస్తే సరిపోతుందా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: నంబరు ప్లేటు, వెనక లైట్లు, ఇండికేటర్లు పూర్తిగా కనపడాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి. మీరు బోర్డు మీద నంబరు రాయించి కట్టినది ఆ ప్లేటుకి బదులు కాదు. కాబట్టి సైకిల్‌ని ప్లేటు పైకి వచ్చేలా ఎత్తి కట్టండి. ఎలా కట్టినా ప్లేటు మూసుకుపోతుంటే ఆ ర్యాకు మీ కారుకి పనికిరాదు.

పక్కకి పొడుచుకురావడం ఇంకా పెద్ద విషయం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, సామాను పరిమితి దాటి పక్కకో ముందుకో వెనక్కో పైకో వస్తే 20,000 రూపాయల జరిమానా అని చేర్చారు. జరిమానా సంగతి ఎలా ఉన్నా పక్కవాడి మోకాలి గురించి పైన రాశాను, దయచేసి అది చదవండి.

ఇంగ్లండులో ఉంటున్న మా మేనల్లుడు కారు వెనక ర్యాకుకి నంబరూ లైట్లూ ఉన్న బోర్డు తగిలించి ఆ వైరుని కారుకి కలుపుతాడు. అక్కడ ప్లేటు మూసుకుపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది. మన దగ్గర చిన్న కార్లకి అలాంటి వైరు సాకెట్టు కంపెనీ నుంచి రాదు. అందుకే లోపల పట్టే దారి ముందు చూసుకోమని ఇన్నిసార్లు చెబుతున్నాను. ఒక్క ఊరట, ఫాస్టాగ్ ముందు అద్దం మీదే ఉంటుంది కాబట్టి టోల్ దగ్గర వెనక సైకిల్ వల్ల ఇబ్బంది రాదు.

ప్రశ్న: శ్రీశైలం ఘాట్ తొక్కాలని నలుగురు మిత్రులం అనుకుంటున్నాం. రెండు కార్లలో సైకిళ్ళు వేసుకుని రాత్రికి రాత్రి అడవి దాటి వెళ్ళొచ్చా?
(ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: దాటలేరు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, పులుల అభయారణ్యం అది. మన్ననూరుకి ముందే ఎక్కడైనా పడుకుని పొద్దున్న గేటు తీశాక వెళ్ళండి. రాత్రి బసలో సైకిళ్ళు కారులోనే వదలకండి. అడిగితే చాలా లాడ్జీల్లో గదిలోకి తీసుకెళ్ళనిస్తారు. చక్రాలు తుడిచి, కింద పాత పేపర్లు పరిచి పెడితే మళ్ళీ వచ్చినప్పుడు కూడా కాదనరు.

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఆరు నెలలైంది. తెనాలిలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఆయన బడికి వెళ్ళొచ్చిన 22 అంగుళాల పాత సైకిల్ ఉంది. రాడ్ బ్రేకులు, నిండు చైన్ కవరు, డైనమో అన్నీ ఉన్నాయి. బెంగళూరులో నా దగ్గర పెట్టుకోవాలని ఉంది. లారీలో వేస్తే దెబ్బలు తగులుతాయని భయం. నా ఐ10లో తీసుకెళ్ళగలనా? ఇక్కడి మెకానిక్ మొత్తం విప్పి అట్టపెట్టెలో పెడతానంటున్నాడు.
(ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: మొత్తం విప్పనివ్వకండి. ఆ సైకిల్ మళ్ళీ అలా బిగించగల చేతులు బెంగళూరులో వెతుక్కోవాలి. తీయాల్సినవి నాలుగే ఉన్నాయి, అవి మీరే తీయగలరు. ప్రయాణం మాత్రం మీరు ఒక్కరే చేయాలి. పక్క సీటు కూడా సైకిల్‌కే కావాలి.

వెనక చక్రం ముట్టుకోకండి. నిండు చైన్ కవరు ఉన్న సైకిల్‌కి వెనక చక్రం తీయడమంటే కవరు విప్పాలి, చైను విడదీయాలి, మడ్‌గార్డు కడ్డీలు వదులు చేయాలి. పెడళ్ళూ వాటి క్రాంకులూ కూడా అలాగే ఉండనివ్వండి. ఆ క్రాంకులు కాటర్ పిన్నులతో (అడ్డంగా దిగ్గొట్టే ఇనుప మేకులతో) బిగించినవి. ఇన్నేళ్ళకి తుప్పు పట్టి ఉంటాయి, సుత్తితో కొడితే మర నలిగిపోతుంది.

ముందు చక్రం తీయండి. ఇరుసుకి రెండు పక్కలా నట్లుంటాయి, ముందురోజే కాస్త నూనె చుక్క వేసి ఉంచితే సులువుగా వదులుతాయి. మడ్‌గార్డు కడ్డీలు కూడా ఆ ఇరుసు మీదే ఉంటాయి కాబట్టి వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. తీసిన నట్లూ వాషర్లూ అదే వరసలో మళ్ళీ ఇరుసుకే తొడిగేయండి, పోవు.

తర్వాత హ్యాండిల్. రాడ్ బ్రేకుల సైకిల్‌కి హ్యాండిల్ నుంచి రెండు కడ్డీలు కిందికి దిగుతాయి, ఒకటి ముందు బ్రేకుకి, ఒకటి వెనక బ్రేకుకి. వాటి జాయింట్ల దగ్గర చిన్న బిగింపు నట్లుంటాయి. అవి వదులు చేసేముందు కడ్డీ ఎంతవరకు లోపల ఉందో అక్కడ గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టండి. మళ్ళీ ఆ చుక్క దగ్గరే బిగిస్తే బ్రేకులు మీ నాన్నగారు వాడినప్పుడు ఎలా పట్టేవో అలాగే పడతాయి. హ్యాండిల్ మధ్య పైన ఉన్న బోల్టుని నాలుగు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. దాని మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేయండి. లోపల బిగుసుకున్న కోను కిందికి జారి హ్యాండిల్ వదులవుతుంది. చెక్క లేకుండా కొడితే బోల్టు తల పాడవుతుంది.

ఇప్పుడు వెనక సీటు మడిచి, ముందు పక్క సీటు పూర్తిగా డ్యాష్‌బోర్డు వైపు జరపండి. చైన్ కవరు వైపు పైకి ఉండేలా, ఫోర్కు ముందుకి వచ్చేలా ఏటవాలుగా తోయండి. ఈ సైకిల్ 20 కిలోల పైనే ఉంటుంది, ఇద్దరు పట్టాలి. ఫోర్కు చివర్లకి పాత గుడ్డ చుట్టండి. ఫ్రేముని పక్క సీటు బెల్టుతోనూ వెనక బెల్టుతోనూ కట్టండి. డైనమోని చక్రానికి ఆనకుండా వెనక్కి లాగి ఉంచండి. హెడ్‌లైటు అద్దం ఊడితే అలాంటిది దొరకడం కష్టం, దాన్ని విడిగా తీసి తువ్వాలులో చుట్టి మీ బట్టల మధ్య పెట్టుకోండి.

బెంగళూరు చేరాక రంగు వేయించకండి. మెకానిక్‌కి ఇస్తే హబ్బులు శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టమనండి, టైర్లు పగిలిపోయి ఉంటే 28 అంగుళాలవి మార్పించండి, అంతవరకే. ఇక తీయాల్సిన నాలుగోది సీటు. డోరు మూతపడటానికి దాన్ని దించక తప్పదు. బోల్టు వదులు చేసేముందు, సీటు కింది గొట్టం ఫ్రేములోకి దిగేచోట చుట్టూ టేపు అంటించి, పెన్సిలుతో గీత గీయండి. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీత దగ్గరే ఆపండి, అది మీ నాన్నగారి కాలి కొలత.